బ్రీదర్ పైపు కడిగిన రోజు

మా కారు మా పెళ్లికంటే పాతది. మా ఆయన మేనమామ చానాళ్లు నడిపి, చూపు ఆనక మాకిచ్చేశాడు. తెల్లటి పెట్రోలు బండి. ఇప్పటి కార్లలో ఉండే కంప్యూటరు హంగులేవీ లేని కార్బురేటరు ఇంజను. నరసరావుపేటలో మా వీధివాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు కొత్త కార్లు కొనుక్కున్నా మా ఆయన మాత్రం దీన్ని వదల్లేదు. నేను బడికి స్కూటర్ మీద వెళ్లొస్తాను. ఆ కారు మీద నాకు ప్రత్యేకంగా ప్రేమా లేదు, కోపమూ లేదు. నా కోపమంతా దాన్ని బాగుచేసే మనిషి మీద.

వినుకొండ రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఉంది. ముందు అందులో ఒక సాయిబుగారు పనిచేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు, స్పానర్లు కూతురి చేతికొచ్చాయి. ఆమెకు అప్పటికి ముప్ఫై ఆరో ముప్ఫై ఏడో ఉంటాయి. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికొచ్చి, తండ్రి పక్కనే నిలబడి పని నేర్చుకుంది. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసేవాళ్లు, ఆదివారం తెరిచేవాళ్లు. మాకు ఆదివారం చర్చి. ఆరాధన అయిపోగానే మా ఆయన నన్ను ఇంటి దగ్గర దింపి, ఇస్త్రీ చొక్కా విప్పి పాతది తొడుక్కుని షెడ్డుకు పోయేవాడు.

మొదట్లో నేను పట్టించుకోలేదు. పట్టించుకోవడం మొదలుపెట్టింది ఇంజను నూనె కారిన ఏడాది. కారు ఎక్కడ ఆపినా కింద నల్లటి మరక పడేది. బండిలో కూర్చుంటే మాడిన నూనె వాసన. స్టేషన్ రోడ్డులో ఒక మెకానిక్ చూసి ఇంజను మొత్తం విప్పాలన్నాడు. మా ఆయన రెండు రోజులు దిగులుగా తిరిగి, చివరికి ఈ షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా, నాకు ఇంజను గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇంజనుకి కూడా ఊపిరి ఉంటదంట. లోపల పెట్రోలు మండినప్పుడు కొంచెం గాలి పిస్టన్ల పక్కనుంచి జారి కిందికి పోద్దంట. ఆ గాలి బయటికి రావటానికి ఒక రబ్బరు పైపు ఉంటది, బ్రీదర్ పైపు. ఇంజను పైమూత ఉంటది, ట్యాపెట్ కవర్, దాన్నుంచి గాలి ఫిల్టర్ దాకా. ఏళ్ల తరబడి కడక్కపోతే దాంట్లో మడ్డి పట్టి మూసుకుపోద్ది. లోపలి గాలికి దారి లేక, సందు దొరికినచోటల్లా నూనెని బయటికి నెడతది. ఇంజనుకి జబ్బేం లేదు. ఊపిరాడక ఇట్టా అవుతుందని చెప్పింది ఆవిడ. ఎంత బాగా చెప్పిందనుకున్నావ్."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. నేను బాగా చెప్తానని ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు.

"అన్నం చల్లారిపోతంది, తినండి," అన్నాను.

అప్పట్నుంచి మా ఇంట్లో ప్రతి మాటకూ ఆవిడ వచ్చేది. నూనె మూత విప్పితే అడుగున మీగడలాంటిది కనబడితే లోపల తేమ చేరినట్టని ఆవిడ చెప్పింది. దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తుంటే ఇంజను సరిగా కాగక ఆ మీగడ కడుతుందని ఆవిడ చెప్పింది. మూడు నెలలకోసారి పైపు విప్పి కిరసనాయిల్లో కడగాలని, ఫిల్టరు డబ్బాలో ఉండే చిన్న తీగల జాలీని కూడా కడగాలని చెప్పింది. ఆయన వాటిని ఒక పాత డైరీలో రాసుకునేవాడు. నేను సరుకులు చెబుతుంటే కాగితం తీసుకోని మనిషి.

అయినా అంతవరకూ ఓర్చుకున్నాను. నన్ను నిజంగా కాల్చింది బీపీ సంగతి. మా ఆయనకు పొద్దున్నే తల బరువుగా ఉంటుందని, డాక్టరుకు చూపించుకోమని రెండేళ్లుగా చెబుతున్నాను. ఊరగాయ ముందునుంచి తీసేస్తే అలిగేవాడు. ఒక ఆదివారం షెడ్డునుంచి వచ్చి, "రేపు ఆస్పత్రికి పోవాలి, బీపీ చూపించుకుంటా," అన్నాడు. నాకు ఆశ్చర్యమైంది. "ఏందీ ఉన్నట్టుండి?" అని అడిగాను.

"ఆ అమ్మాయి అనింది, సార్ మొహం ఉబ్బరంగా ఉంది, మా నాయనకి ముందు ఇట్టానే ఉండేది, ఒకసారి చూపించుకోండి అని."

మర్నాడు నిజంగానే వెళ్లాడు. బీపీ ఉందన్నారు, మాత్రలు రాశారు. మనిషి బాగుపడ్డాడు కదా అని సంతోషించాల్సింది. ఆ మాత్రలు రోజూ చేతికందించింది నేనే. అందిస్తున్న ప్రతిసారీ ఆవిడ మాట మీద వేసుకుంటున్నాడనే అనుకునేదాన్ని.

ఒక ఆదివారం నేనూ వస్తానని ఆయన వెంట షెడ్డుకు వెళ్లాను. ఆమె చుడీదార్ మీద తండ్రిది కాబోలు ఒక ఖాకీ చొక్కా వేసుకుని ఉంది. నన్ను చూడగానే స్టూలు తుడిచి, "కూర్చోండి మేడం," అంది. పెద్దాయన టీ తెప్పించాడు. ఆమె పెద్ద అందగత్తె ఏం కాదు. గోళ్లలో నల్లటి మడ్డి, నుదుటి మీద గ్రీజు మరక. మా ఆయన ఆమెను "చెల్లెమ్మా" అని పిలిచాడు. ఆ పిలుపు విన్నాక నా మనసు కుదుటపడాలి. పడలేదు. ఎందుకంటే ఆమె బానెట్ కింద వంగి చేయి చాచింది, నోరు తెరిచి ఏదీ అడగలేదు, మా ఆయన చూసి సరిగ్గా ఆ సైజు స్పానరే అందించాడు. మా వంటింట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు ఈనాటికీ తెలియదు.

ఇంటికొచ్చాక నాకు జ్వరం వచ్చినట్టయింది. దాన్ని అసూయ అనుకోవడానికి కూడా సిగ్గేసింది. వాళ్ల మధ్య ఏదో ఉందని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అనుకుని ఉంటే పోట్లాడేదాన్ని, అది వేరే సంగతి. ఆమె మాట్లాడితే ఆయన వింటున్నాడు. అదే నా కడుపుమంట.

పదిరోజులు దాన్నే మనసులో తిప్పుకుని ఒక నిర్ణయానికి వచ్చాను. అంత గొప్ప పని అయితే నేనే చేస్తాను, ఆయన షెడ్డుకు పోవాల్సిన అవసరం లేకుండా చేస్తాను అనుకున్నాను. బడిలో తీరిక పీరియడ్లో ఫోన్లో వీడియోలు చూశాను. ఆయన డైరీ తీసి చదివాను. ఆమె మాటలు ఆయన చేతిరాతలో చదువుతుంటే ఒళ్లు మండింది, కానీ విషయం మాత్రం స్పష్టంగా ఉంది.

రెండో శనివారం మా ఆయన ఆఫీసు పని మీద బస్సులో గుంటూరు వెళ్లాడు. కారు వాకిట్లో ఉంది. బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవరుతో క్లిప్పు వదులు చేసి పైపు లాగాను. బొటనవేలంత లావు, జానెడున్నర పొడవు. లోపల మరీ ఎక్కువ మడ్డి లేదు, ఆమె కడిగి రెండు నెలలే అయింది. అయినా సరే, పాత సబ్బు గిన్నెలో కిరసనాయిలు పోసి నానబెట్టాను. పైపు ఊడదీసిన చోట ట్యాపెట్ కవర్ మీద ఒక ఇనప గొట్టం మూతి తెరుచుకుని ఉంది. దాంట్లో దుమ్ము పడకూడదని వీడియోలో చెప్పారు. నా పాత నీలం చీర చింపి, ఆ గుడ్డముక్క గొట్టంలో కుక్కాను. పైకి తోక కనిపించకుండా లోపలికి నెట్టాను, గాలికి ఊడిపోతుందేమోనని.

తర్వాత రెండు గంటలు ఒళ్లు వంచి పనిచేశాను. సీసాలు కడిగే పొడుగు బ్రష్షుతో పైపు లోపల రుద్దాను. జాలీని పళ్ల బ్రష్షుతో తోమాను. పైపును ఎండలో వేలాడదీసి, ఒక చివర నోరు పెట్టి ఊదితే రెండో చివర గాలి హాయిగా వచ్చింది. చానాళ్ల తర్వాత ఒక పని చేసి అంత తృప్తిపడ్డాను. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన పని తొందరగా అయిపోయిందట, చిలకలూరిపేట దాటి వస్తున్నాడట. నాకు కంగారు పుట్టింది. గబగబా జాలీ బిగించి, పైపు రెండు చివర్లూ తొడిగి, క్లిప్పులు బిగించి, బానెట్ దించి, కిరసనాయిలు వాసన పోయేదాకా చేతులు కడుక్కున్నాను. గుడ్డ సంగతి పూర్తిగా మర్చిపోయాను.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే, "షెడ్డుకి వచ్చేవారం పోదురుగాని, ఇయ్యాల కొండవీడు పోదాం," అన్నాను. ఆయన నన్ను ఒకసారి వింతగా చూసి సరేనన్నాడు. పులిహోర కట్టాను. కొండ మీద, కోట గోడ నీడలో తినేటప్పుడు చెబుదామనుకున్నాను, బ్రీదర్ పైపు నేనే కడిగానని. ఆయన మొహం ఎలా మారుతుందో దారంతా ఊహించుకుంటూ కూర్చున్నాను.

కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే వాసన వచ్చింది. మూడో మలుపులో బానెట్ అంచుల నుంచి పొగ. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను నిండా నూనె. నూనె కొలిచే కడ్డీ దాని చోటునుంచి తన్నుకుని బయటికొచ్చి పక్కకు వాలి ఉంది. ఆ రంధ్రంలోంచి చిమ్మిన నూనె సైలెన్సరు గొట్టం మీద పడి పొగలు కక్కుతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు గుడ్డ.

చెప్పాల్సింది అప్పుడే. నోరు రాలేదు. ఆయన అప్పటికే ఫోన్ తీశాడు.

"అంత దూరం నుంచి ఆమెనెందుకు, ఇక్కడ దగ్గర్లో ఎవరైనా ఉంటారేమో చూడండి," అన్నాను.

"ఈ బండి సంగతి ఆ అమ్మాయికి తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అన్నాడాయన.

ఆమె వచ్చేదాకా గంటన్నర రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాం. కోట చూడటానికి వెళ్లే బైకులవాళ్లు మమ్మల్ని చూస్తూ పోతున్నారు. పులిహోర డబ్బా ఒళ్లో ఉంది. తెరవబుద్ధి కాలేదు. ఆయన మాత్రం ఇంజను పోయిందేమోనని ఒకటే బాధపడుతున్నాడు. "పోయిన నెలకి ముందు నెలేగా అంతా చూసింది," అని రెండుసార్లు అన్నాడు. ఆ మాట విన్నప్పుడు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, భయం మధ్యలో నాకు చిన్న ఆశ కలిగింది. తప్పు ఆమె మీదికి పోతుందేమోనని. దాన్ని నేను తరిమెయ్యలేదు. కాసేపు అలాగే ఉండనిచ్చాను.

ఆమె స్కూటర్ మీద వచ్చింది. ముందు నూనె డబ్బా, భుజాన సామాను సంచి. నాకు నమస్తే చెప్పి బానెట్ కిందికి వంగింది. కడ్డీని వేళ్లతో పట్టి చూసి, నేరుగా బ్రీదర్ పైపు దగ్గరికే వెళ్లింది. పైపు ఊడదీసి ఎండకు ఎత్తి పట్టుకుంది. లోపల అద్దంలా ఉంది. పైపును అలాగే పట్టుకుని నావైపు చూసింది. నేను కళ్లు దించుకున్నాను.

"సార్, బండి వాలులో ఉంది, వెనక చక్రాలకి ఇంకో రెండు రాళ్లు పెట్టండి," అంది.

ఆయన రాళ్ల కోసం వెనక్కి వెళ్లాడు. ఆమె ముక్కు పొడుగ్గా ఉండే పట్టకారుతో గొట్టంలోంచి నా చీరముక్క బయటికి లాగింది. నీలం మీద తెల్ల పూలు, నూనెలో నాని ఉన్నా తెలిసిపోతున్నాయి. ఆ చీర ఆయన కొన్నదే, చూస్తే గుర్తుపట్టేవాడు. ఆమె దాన్ని ఒక కవర్లో చుట్టి సంచిలో పడేసింది. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆయన వచ్చి, "ఏందమ్మా, ఇంజను పోయిందా?" అని అడిగాడు.

"లేదు సార్. బ్రీదర్ మూసుకుపోయింది, అంతే. ఇప్పుడు తెరిచా."

"నువ్వు కడిగి రెండు నెలలేగా అయింది?"

ఆమె నూనె తుడుస్తూనే ఉంది. "నా చేతిలోనే ఏదో పొరపాటు జరిగుంటది సార్," అంది.

"పర్లేదులేమ్మా. అందరికీ అవుతుంటయ్," అన్నాడాయన, ఎంతో మెత్తగా.

నేను బతికిపోయాను. బతికిపోయినందుకు ఆమె మీద కృతజ్ఞత పుట్టాలి. ఆ క్షణాన నాకు పుట్టింది అది కాదు. పని తెలిసింది ఆమెకే, పెద్దమనసూ ఆమెదే. తప్పు చేశానని అబద్ధం చెప్పినా ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అదే నేను ఇంట్లో గ్లాసు పగలగొడితే కళ్లెక్కడ పెట్టుకున్నావని అడిగే మనిషి. ఇంజను చల్లారాక ఆమె నూనె పోసి, స్టార్టు చేసి, తాను వెనకే వస్తూ మమ్మల్ని కొండ దింపింది. అద్దంలో ఆమె స్కూటర్ కనిపిస్తున్నంతసేపూ నేను అటే చూస్తూ కూర్చున్నాను.

మూడు రోజులు అన్నం సయించలేదు. బుధవారం బడి వదలగానే స్కూటర్ నేరుగా షెడ్డుకు తిప్పాను. పెద్దాయన లోపల నిద్రపోతున్నాడు. ఆమె ఒక ఆటో కింద పడుకుని పనిచేస్తోంది. నన్ను చూసి బయటికి జరిగి లేచింది.

"ఎందుకు చెప్పలేదు మా ఆయనకి?" అని అడిగాను. ముందుగా ఇంకేదో మాట్లాడదామనుకున్నాను కానీ అదే వచ్చింది.

"చెప్తే మీరు మళ్లీ బానెట్ ఎత్తరు మేడం," అందామె. "పైపు చానా బాగా కడిగారు. నేను అంత శుభ్రంగా ఎప్పుడూ కడగలా. అంత చేసిన మనిషి ఒక్క గుడ్డ కోసం మాట పడటం ఎందుకని."

"మాట నువ్వు పడ్డావుగా."

"నాకు అలవాటే. రోజుకి నలుగురు అంటారు, ఆడదానికి ఏం తెలుసని. సార్ అదన్నా అన్లేదు."

నాకు ఏడుపొచ్చేసింది. స్టూలు మీద కూర్చుని, ఎవరికీ చెప్పనిది ఆమెకే చెప్పేశాను. "నువ్వు చెప్తే వింటాడు. నేను చెప్తే వినడు. అందుకే చేశా ఇదంతా. నువ్వంటే నాకు కుళ్లు."

ఆమె కోపగించుకోలేదు, నవ్వలేదు. గ్రీజు పోయేందుకు చేతులు రంపపు పొట్టులో రుద్దుకుంది.

"నాకు లేదా ఏంది మీ మీద," అంది. "మీరు మొదటిసారి వచ్చినప్పుడు టీ గ్లాసు పట్టుకున్నారు గదా, ఆ చేతులే చూస్తా కూర్చున్నా. నేను ఎన్నిసార్లు కడిగినా అన్నం కలుపుకుంటే పెట్రోలు వాసనే. మా అక్క కూతురి పెళ్లిలో గోరింటాకు పెట్టించుకుంటే నా చేతుల మీద పండలా. సార్ వినేది ఇంజను సంగతక్కా. నా సంగతి ఏనాడూ అడగలా. నేనూ చెప్పలా."

ఆమె మేడం అనడం మానేసి అక్కా అనడం నేను తర్వాత గమనించాను. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం. నేను లేవబోతుంటే, "కూర్చోండి, వచ్చారు గదా, చూపిస్తా," అని పక్కనున్న ఇంకో పాత కారు బానెట్ ఎత్తింది.

ఆ సాయంత్రం నేను నేర్చుకున్నది వీడియోల్లో లేదు. గొట్టంలో గుడ్డ కుక్కితే దానికి ఒక దారం కట్టి, రెండో చివర బానెట్ కొక్కేనికి ముడేయాలి, అప్పుడు మర్చిపోదామన్నా మర్చిపోలేం. కిరసనాయిల్లో మరీ ఎక్కువసేపు నానిస్తే రబ్బరు ఉబ్బుతుంది, పైపును నొక్కి చూసి, మెత్తబడితే మార్చేయాలి. అంతా బిగించాక ఇంజను నడుస్తుండగా నూనె మూత తీసి, మీద ఒక కాగితం పెట్టాలి. కాగితం ఎగిరి పడితే లోపల ఒత్తిడి ఉన్నట్టు, ఎక్కడో దారి మూసుకున్నట్టు. కొండవీడు బయల్దేరే ముందు ఈ కాగితం సంగతి తెలిసుంటే బాగుండేది.

ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పేశాను. ఆయన టీ తాగుతున్నాడు. శనివారం నుంచి మొదలుపెట్టి, చీరముక్క దాకా, షెడ్డులో ఏడ్చినదాకా చెప్పాను. కుళ్లుకున్నానని కూడా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను.

"పైపు నువ్వొక్కదానివే ఊడదీశావా? క్లిప్పు వచ్చిందా? నాకైతే ఎప్పుడూ రాదు," అన్నాడు.

"వచ్చింది. పక్కకి తిప్పి లాగాలి."

"జాలీ ఎట్టా కడిగావ్?"

చెప్పాను. ఇంకోటి అడిగాడు, అదీ చెప్పాను. అరగంటసేపు ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. ఆ తర్వాత, "బీపీ మాట నువ్వు ముందే చెప్పావు కదా. నాకు భయమేసి వినలా," అన్నాడు. మర్నాడు షెడ్డుకు వెళ్లి తప్పు ఆమె మీద పడినందుకు క్షమాపణ అడిగి వచ్చాడట.

ఇప్పుడు బ్రీదర్ పని నాదే. మూడు నెలలకోసారి చేస్తాను. మిగతా రిపేర్లకు ఆయన షెడ్డుకే వెళ్తాడు, ఒక్కోసారి నేనూ వెళ్తాను. వాళ్లిద్దరూ బానెట్ కింద తలలు దూర్చి మాట్లాడుకుంటుంటే నాకు ఇప్పటికీ కొంచెం చురుక్కుమంటుంది. అది పూర్తిగా పోతుందని నేను అనుకోవడం లేదు.

పోయిన వేసవి సెలవుల ముందు మా బడిలో లెక్కల మాస్టారు, ఆయనకూ ఒక పాత కారుంది, నూనె కారుతోందని స్టాఫ్ రూములో వాపోతున్నాడు. బ్రీదర్ చూపించుకోండి సార్ అన్నాను. నవ్వి వేరే మాటలోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేశాడు, మీ బండికి కూడా ఇట్లాగే అయిందంట కదా, ఏం చేశారని. నేను పక్కనే వంకాయలు తరుగుతున్నాను.

"ఆ సంగతి నాకు తెలీదు మాస్టారూ, మా ఆవిడని అడగండి," అని మా ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు.

సోమవారం ఇంటర్వెల్లో బడి ఆవరణలోనే లెక్కల మాస్టారు చేత బానెట్ ఎత్తించాను. నూనె మూత విప్పి, అడుగున కట్టిన మీగడ చూపించాను. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.